ఎక్స్ = 3 గీత నిలువుగా ఎందుకు వస్తుంది?

అడిగింది గాజువాక నుంచి ఒక తల్లి. క్లుప్తంగా ప్రశ్న ఇది: "మా బాబు తొమ్మిదో తరగతి. ఎక్స్ అక్షం అడ్డంగా ఉంటుంది కదా, మరి ఎక్స్ = 3 గీత నిలువుగా ఎందుకు గీయాలి అంటున్నాడు. నేను డిగ్రీ చదివాను గానీ చెప్పలేకపోయాను. ఏది అడ్డమో ఏది నిలువో గుర్తుండటానికి ఏదైనా చిట్కా ఉందా?"

ముందు జవాబు చెప్పేస్తాను. సమీకరణంలో కనిపించే అక్షరం కదలదు. కనిపించని అక్షరం ఎంతైనా కదలొచ్చు. గీత ఆ కనిపించని అక్షరం వెంట పోతుంది. ఎక్స్ = 3 లో ఎక్స్ 3 దగ్గర ఆగిపోయింది. వై గురించి ఒక్క మాట కూడా లేదు. అంటే వై పైకీ కిందకీ ఎంత దూరమైనా పోవచ్చు. పైకీ కిందకీ పోయేది నిలువు గీతే. అదే వై = 3 అయితే వై ఆగింది, ఎక్స్ కుడికీ ఎడమకీ పోతుంది, అది అడ్డ గీత.

మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. అడగకుండా బట్టీ పట్టేసే పిల్లలే ఎక్కువ. కాబట్టి "అదంతే, అలాగే గీయాలి" అని మాత్రం అనకండి.

చిట్కా ఎందుకు ఇవ్వడం లేదో కూడా చెప్పాలి. విశాఖలో ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను, ఇప్పుడు ఇంటి దగ్గర సాయంత్రం ట్యూషన్ చెబుతున్నాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ చిట్కానే చెప్పేదాన్ని: "ఎక్స్ అని ఉంటే నిలువు, వై అని ఉంటే అడ్డం." క్లాసులో అందరికీ కరెక్టుగా వచ్చేది. పరీక్షలో "ఎక్స్ అక్షం సమీకరణం రాయండి" అని ఒక మార్కు ప్రశ్న వచ్చేసరికి సగం మంది ఎక్స్ = 0 అని రాసి వచ్చారు. సరైన జవాబు వై = 0. ప్రశ్నలో ఎక్స్ అన్న మాట కనిపించింది, చేతికి ఎక్స్ వచ్చేసింది. ఆ పేపర్లు దిద్దుతుంటే తప్పు పిల్లలది కాదనిపించింది. నేను ఇచ్చిన చిట్కా "ఎటు గీయాలి" అన్నదానికే పనికొచ్చింది, "ఎందుకు" అన్నదానికి పనికిరాలేదు. అప్పటి నుంచి చిట్కా మానేశాను.

పిల్లలు ఎక్కడ పొరపాటు పడతారో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. పోయిన ఏడాది ఒక అమ్మాయి గ్రాఫు కాగితం మీద పైన "ఎక్స్ = 3" అని అందంగా రాసుకుంది. వై అక్షం మీద 3 దగ్గర చుక్క పెట్టింది. స్కేలు అడ్డంగా ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసింది. ఎందుకలా గీశావమ్మా అంటే, "ఎక్స్ అడ్డంగా పడుకుని ఉంటుంది కదా టీచర్, ఇదీ ఎక్సే కదా" అంది. నేను తప్పని చెప్పలేదు. ఆ గీత ఎడమ చివర వేలు పెట్టి అక్కడ ఎక్స్ ఎంతో చదవమన్నాను. గడులు లెక్కపెట్టి "మైనస్ 5" అంది. మధ్యలో? "సున్నా." కుడి చివర? "6." అప్పుడు పైన తను రాసుకున్న ఎక్స్ = 3 వైపు చూసింది. నేనింకేమీ అనలేదు. తనే రబ్బరు తీసి గీత మొత్తం చెరిపేసింది.

మీరు ఇంట్లో చేయించాల్సింది ఇదే. గీత గీశాక దాని మీద ఎక్కడైనా మూడు చోట్ల వేలు పెట్టి, "ఇక్కడ ఎక్స్ ఎంత?" అని అడగండి. మూడు చోట్లా 3 అనే వస్తే అది ఎక్స్ = 3. రాకపోతే కాదు. ఈ ఒక్క పరీక్ష అడ్డ గీతకీ నిలువు గీతకీ ఏటవాలు గీతకీ కూడా పనిచేస్తుంది. సమీకరణం అంటే ఒక షరతు. ఆ షరతుకు ఒప్పుకునే బిందువులన్నీ కలిస్తే గీత. అక్షం పేరుతో దానికి పని లేదు.

మాటలతో ఎక్కకపోతే అపార్ట్‌మెంట్ చూపించండి. మా బిల్డింగ్‌లో ఒక్కో అంతస్తులో వరసగా ఐదు ఫ్లాట్లు. మూడో అంతస్తులో 301, 302, 303, 304, 305. ఇవన్నీ ఒకే కారిడార్‌లో పక్కపక్కన ఉంటాయి. అంతస్తు మారలేదు, ఫ్లాటు వరస మారింది. ఇది వై = 3. ఇప్పుడు 103, 203, 303, 403 చూడండి. ఇవి ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. వరసలో మూడోది అన్నది మారలేదు, అంతస్తు మారింది. ఇది ఎక్స్ = 3. ఒకసారి మా బిల్డింగ్‌లో మూడో వరస వంటగదుల డ్రైనేజీ పైపు పూడుకుపోయింది. 103 వాళ్ల సింకులోకి నీళ్లు ఎగదన్నాయి. ప్లంబర్ వచ్చి 203, 303, 403 వాళ్లందరినీ సింకు వాడొద్దని చెప్పి వెళ్లాడు, 102 వాళ్లకీ 104 వాళ్లకీ మాత్రం ఏమీ చెప్పలేదు. ఆ రోజు ట్యూషన్‌కి వచ్చిన పిల్లలకి ఆ పైపే చూపించి "ఇదే ఎక్స్ = 3" అన్నాను. అది మూడో వరసను వదలదు, పై అంతస్తు నుంచి కింద దాకా పోతుంది. ఫ్లాట్ల కంటే పైపే మంచి ఉదాహరణ కూడా. ఎందుకంటే గీత 1, 2, 3 అంతస్తుల దగ్గర మాత్రమే ఉండదు, మధ్యలో స్లాబులో నుంచి కూడా పోతుంది. (3, 1) కీ (3, 2) కీ మధ్య (3, 1.5) ఉంది, (3, 1.73) ఉంది, అన్నీ గీత మీదే ఉన్నాయి.

గ్రౌండ్ ఫ్లోర్ వై = 0, అంటే అదే ఎక్స్ అక్షం. కింద కార్లు పెట్టే సెల్లార్ వై = −1. ఎక్స్ అక్షం సమీకరణం వై = 0 ఎందుకో ఇక్కడ పిల్లలు తేలిగ్గా పట్టేస్తారు: గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎంత దూరం నడిచినా అంతస్తు సున్నాయే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫ్లాట్ నంబరులో అంతస్తు ముందు వస్తుంది, బిందువులో ఎక్స్ ముందు వస్తుంది. కాబట్టి ఫ్లాటు 302 అంటే బిందువు (2, 3). ఇది ముందే చెప్పకపోతే పిల్లాడు (3, 2) అని రాసి మళ్లీ తికమక పడతాడు. మొదటి రోజే చెప్పేయండి.

పటం మీద కూడా ఇదే తిరకాసు ఉంది. విశాఖపట్నం ఎక్కడుంది అంటే సుమారుగా 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం అంటాం. ఫోనులో మ్యాప్ తెరిచినా ఆ వరసలోనే చూపిస్తుంది. కానీ అక్షాంశం అంటే కిందా పైనా ఎంత, అంటే మన వై. రేఖాంశం అంటే పక్కకి ఎంత, అంటే మన ఎక్స్. గ్రాఫు మీద పెట్టాలంటే (83.3, 17.7) అని తిప్పి పెట్టాలి. మన దేశ ప్రామాణిక సమయానికి ఆధారమైన రేఖాంశం 82.5 డిగ్రీలు, అది మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. పటం మీద అది అచ్చంగా ఎక్స్ = 82.5 అనే నిలువు గీత. విశాఖ ఆ గీతకి కుడి పక్కన, 0.8 డిగ్రీల దూరంలో ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, మనకి సూర్యుడు ఆ గీత మీద ఉన్న ఊళ్లకంటే సుమారు మూడు నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు. భూగోళం మీద రేఖాంశాలు రెండు ధ్రువాల దగ్గర కలుస్తాయి, కాబట్టి అవి సమాంతర గీతలు అనడం చదునుగా గీసిన పటం మీదే చెల్లుతుంది. పిల్లాడు గ్లోబు తిప్పి చూసి అడిగితే దాటవేయకండి.

తుపాను కబుర్లు వచ్చే రోజుల్లో నేను ఇంకో పని చేయిస్తాను. వాతావరణ శాఖ బులెటిన్‌లో తుపాను ఉన్న అక్షాంశం, రేఖాంశం ఇస్తారు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మన ఊరి దగ్గరే తీరం దాటింది కదా, ఆ తర్వాత మా పిల్లలకి ఈ అంకెల మీద ఎక్కడ లేని శ్రద్ధ వచ్చింది. బులెటిన్ బులెటిన్‌కీ చుక్క పెట్టమంటాను. రేఖాంశం తగ్గుతూ అక్షాంశం మారకుండా ఉంటే తుపాను నేరుగా పడమరకి వస్తోంది, చుక్కలు అడ్డ గీత మీద పడతాయి. అక్షాంశం పెరుగుతూ రేఖాంశం మారకపోతే నేరుగా ఉత్తరానికి పోతోంది, చుక్కలు నిలువు గీత మీద పడతాయి. ఇంట్లో అందరూ టెన్షన్‌గా టీవీ చూస్తుంటే, గ్రాఫు కాగితం దగ్గర కూర్చున్న పిల్లాడు "ఇది మన వైపు రావడం లేదు, పైకి పోతోంది" అని వాళ్ల నాన్నకి చెప్పాడంటే ఆ పాఠం వాడు ఇక మర్చిపోడు.

ఇప్పుడు పరీక్షకి సంబంధించిన తప్పులు.

ఒక్క చుక్కతో ఆగిపోవడం. ఎక్స్ = 3 అనగానే కొంతమంది (3, 0) దగ్గర ఒక చుక్క పెట్టి అయిపోయింది అంటారు. వాళ్లు పూర్తిగా తప్పు కాదు. సంఖ్యారేఖ మీద గీయమంటే ఎక్స్ = 3 నిజంగా ఒక్క చుక్కే. నిరూపక తలం మీద గీయమంటే గీత. ప్రశ్నలో ఏది అడిగారో చదవాలి. తలంలోకి రాగానే వై అనే రెండో దారి తెరుచుకుంటుంది, ఆ చుక్క ఆ దారి వెంట సాగి గీత అవుతుంది. పై తరగతుల్లో మూడో అక్షం కూడా వస్తే అదే ఎక్స్ = 3 గోడలా ఒక తలం అవుతుంది. సమీకరణం మారలేదు, చుట్టూ ఉన్న చోటు పెరిగింది.

పట్టికలో ఎక్స్ = 0 పెట్టడం. వై = 2ఎక్స్ + 1 లాంటివి గీసీ గీసీ పిల్లలకి ఎక్స్ కింద 0, 1, 2 రాయడం అలవాటైపోతుంది. ఎక్స్ = 3 కి కూడా అలాగే మొదలుపెట్టి, "ఎక్స్ సున్నా అయితే వై ఎంత టీచర్?" అని ఆగిపోతారు. ఎక్స్ సున్నా అవ్వడానికి వీల్లేదు కదా, షరతే అది. ఈ సమీకరణాన్ని 1·ఎక్స్ + 0·వై = 3 అని రాయించండి. వై ఎంతైనా పెట్టు, సున్నాతో గుణిస్తే పోతుంది, ఎక్స్ మాత్రం 3 కావాల్సిందే. పట్టికలో ఎక్స్ వరస మొత్తం 3, 3, 3. వై వరసలో మీ ఇష్టం: −2, 0, 5. అలాగే వై = 3 ని 0·ఎక్స్ + 1·వై = 3 అని రాస్తే, వై వరస మొత్తం 3, ఎక్స్ వరస మీ ఇష్టం. తొమ్మిదో తరగతి పుస్తకంలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణం అన్నప్పుడు ఈ సున్నా గుణకం ఉన్నవి కూడా అందులోకే వస్తాయి.

సర్దకుండా గీయడం. 2ఎక్స్ + 7 = 0 ఇస్తే చూసి కంగారు పడతారు. సర్దితే ఎక్స్ = −3.5, మూలబిందువుకి ఎడమ పక్కన నిలువు గీత, అంతే. సెంటీమీటరు గడిలో పది చిన్న గడులుంటాయి కాబట్టి −3 దాటి ఇంకో ఐదు చిన్న గడులు ఎడమకి పోవాలి. 3వై − 12 = 0 అంటే వై = 4.

సమాంతరం, లంబం అన్న మాటలు. "(−2, 5) గుండా పోతూ ఎక్స్ అక్షానికి సమాంతరంగా ఉన్న రేఖ" అంటే వై = 5. "అదే బిందువు గుండా ఎక్స్ అక్షానికి లంబంగా" అంటే ఎక్స్ = −2. నా పాత చిట్కా నమ్ముకున్న పిల్లలు మొదటిదాన్ని ఎక్స్ = −2 అని రాసేవారు. ఇప్పుడు ఒకటే అడగమంటాను: ఆ గీత వెంట నడిస్తే ఏది మారదు? మారనిదాన్ని రాయి.

పుస్తకంలో "క్షితిజ సమాంతర రేఖ" అని ఉంటుంది. ఈ మాట దగ్గర పిల్లలు బెదిరిపోతారు. మనం విశాఖలో ఉన్నాం, భయం దేనికి? ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూపించండి. దాని పేరే క్షితిజం. దానికి సమాంతరంగా ఉన్నది క్షితిజ సమాంతర రేఖ. ఆ గీత ముందు నుంచి పోతున్న ఓడ ఎడమ నుంచి కుడికి జరుగుతుంది, పైకి లేవదు. వై = ఏదో ఒక సంఖ్య.

వాలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు మాటే ఇక్కడ మోసం చేస్తుంది. అడ్డ గీతకి "వాలు లేదు" అంటాం. నిలువు గీతకి కూడా "వాలు లేదు" అంటాం. రెండూ ఒకటి కాదు. వాలు అంటే పక్కకి పోయిన దూరానికి పైకి ఎక్కిన ఎత్తు ఎన్నో వంతు అని. వై = 3 మీద (1, 3), (5, 3) తీసుకోండి. ఎక్కింది 0, పక్కకి పోయింది 4. 0ని 4తో భాగిస్తే 0. కాబట్టి అడ్డ గీత వాలు సున్నా. అది ఒక సంఖ్య, శుభ్రంగా ఉంది. ఎక్స్ = 3 మీద (3, 1), (3, 5) తీసుకోండి. ఎక్కింది 4, పక్కకి పోయింది 0. 4ని 0తో భాగించలేం. కాబట్టి నిలువు గీత వాలును నిర్వచించలేం. పరీక్షలో "వాలు లేదు" అన్న మాటే వాడొద్దని చెప్పండి. "సున్నా" అని రాయాలి, లేదా "నిర్వచించలేం" అని రాయాలి. కైలాసగిరి రోడ్డు ఎక్కుతుంటే వాలు ఉంటుంది, బీచ్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే దాదాపు సున్నా. గోడ ఎక్కాలంటే? ముందుకి ఒక్క అడుగు కూడా పడదు, ఎత్తే ఉంటుంది. "అడుగుకి ఎంత ఎక్కావు" అని అడగడానికి అడుగే లేదు.

అందుకే వై = ఎమ్ ఎక్స్ + సి అన్న రూపంలో ఎక్స్ = 3 ఎప్పటికీ ఇమడదు. ఎమ్ దగ్గర పెట్టడానికి సంఖ్య లేదు. వై = 3 మాత్రం ఇముడుతుంది, ఎమ్ = 0, సి = 3. ఇంటర్‌కి వెళ్లాక ఇదే విషయం ప్రమేయాల (ఫంక్షన్ల) పాఠంలో మళ్లీ ఎదురవుతుంది: ఒక్క ఎక్స్‌కి అన్నన్ని వైలు ఉన్నాయి కాబట్టి నిలువు గీత ప్రమేయం కాదు. కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో గీసేటప్పుడు కూడా చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. సూత్రం రాద్దామంటే వై = అని మొదలుపెట్టడానికి ఏమీ ఉండదు. (3, −5), (3, 5) అని రెండు బిందువులిచ్చి కలపమనాలి. జియోజీబ్రా అనే గ్రాఫులు గీసే ప్రోగ్రామ్‌లో అయితే ఎక్స్ = 3 అని నేరుగా కొట్టినా గీసేస్తుంది, ఉచితం కూడా. కానీ ముందు కాగితం మీద వచ్చాకే అది చూపించండి.

మీవాడు "అసలు ఎక్స్ అడ్డంగానే ఎందుకుండాలి?" అని అడుగుతాడని నా అనుమానం. అది మనుషులు చేసుకున్న ఒప్పందం. తెలియని రాశులకి అక్షరమాల చివరి అక్షరాలు ఎక్స్, వై, జెడ్ వాడటం రెనే డెకార్ట్ 1637లో అచ్చేసిన జ్యామితి గ్రంథం నుంచి స్థిరపడింది. అక్షాల పేర్లు తారుమారు చేసుకుంటే గీతలు కూడా తారుమారవుతాయి. కానీ "కనిపించని అక్షరం వెంట గీత పోతుంది" అన్నది అప్పుడూ మారదు.

గ్రాఫు గీసేటప్పుడు చిన్నచిన్నవి: పెన్సిలు చెక్కి ఉండాలి. రెండు చుక్కలు చాలు కానీ మూడు పెట్టించండి, మూడోది కాపలా. గీతకి రెండు వైపులా బాణం గుర్తులు, పక్కన సమీకరణం, అక్షాల పేర్లు, పై మూలన స్కేలు రాయాలి. స్కేలు రాయమంటే చేతిలోని స్కేలు చూసే పిల్లలూ ఉంటారు. ఒక సెంటీమీటరుకి ఎన్ని యూనిట్లో రాయాలని విడమరిచి చెప్పండి.

ఈ రాత్రి మీ అబ్బాయికి ఇది ఇవ్వండి: ఎక్స్ = −2, ఎక్స్ = 4, వై = 1, వై = 5 ఈ నాలుగూ ఒకే కాగితం మీద గీసి, మధ్యలో ఏర్పడిన ఆకారం వైశాల్యం చెప్పమనండి. దీర్ఘచతురస్రం వస్తుంది. అడ్డంగా 6, నిలువుగా 4, మొత్తం 24 చదరపు యూనిట్లు. 24 అన్నాడంటే నాలుగు గీతలూ సరిగ్గా పడ్డాయని నమ్మకండి, ఎక్స్‌నీ వైనీ తారుమారు చేసి గీసినా 24 వస్తుంది. మూలల నిరూపకాలు కూడా చదివించండి: (−2, 1), (4, 1), (4, 5), (−2, 5). ఎక్కడ ఆగాడో ఇక్కడే కింద రాయండి, అక్కడి నుంచి చెబుతాను.